జంబులయ్య కట్టించిన గంట

ఊళ్ళన్నీ అయిపోయి, బాటలు కూడా ఓపిక లేక ఆగిపోయిన చోట, కొండకూ ఎండిన ఏటికీ నడుమ ఎర్రదిబ్బ అనే జాగా ఒకటుండేది. కరువొచ్చిన ఏడు పలుపులు తెంపుకుని పారిపోయి వచ్చిన గొడ్డూ గోదా, గొర్రే మేకా అక్కడ కాపురం పెట్టాయి. యజమాని లేడు, చర్నాకోల లేదు, కట్టుకొయ్య లేదు. ఇంకేం, స్వర్గమే అనుకున్నారు అందరూ. స్వర్గానికీ కావలి కావాలన్న సంగతి వాళ్ళకు ఆలస్యంగా తెలిసింది.

తాగడానికి ఏటి ఇసుకలో తవ్విన చెలమ ఒకటి, చుట్టూ తుమ్మకంప కంచె ఒకటి. కట్టుబాట్లు రెండే. చెలమ దగ్గర ముందొచ్చినవాళ్ళు ముందు తాగాలి. కంచె లోపల ఎవరూ ఎవరి ప్రాణమూ తియ్యకూడదు. ఈ రెండూ చెప్పింది నక్క జంబులయ్య. అందరికంటే ముందే ఆ దిబ్బ మీద బొరియ వేసుకున్నాడు గనుక పెద్దరికం ఎవరూ ఇవ్వకుండానే తీసుకున్నాడు. అతని పక్కన ఎప్పుడూ తోడేలు తిప్పడు ఉండేవాడు. తిప్పడికి మాటలు తక్కువ, పళ్ళు ఎక్కువ. కొండ మీది పులి ఇటు రాకుండా కాపు కాసేది అతనేనని జంబులయ్య చెప్పేవాడు. ఆ పులిని చూసినవాళ్ళు మాత్రం ఎర్రదిబ్బలో ఒక్కరూ లేరు.

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి పిల్లలు మాయం కావడం మొదలైంది. అదీ పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, అందరూ నీడన కునుకు తీసే వేళ. ఇవాళ గొర్రెపిల్ల, ఎల్లుండి మేకపిల్ల. అప్పటి కావలివాడు కుక్క నల్లయ్య. వాసన పట్టుకుంటూ పట్టుకుంటూ అతను జంబులయ్య బొరియ దాకా వెళ్ళాడు. ఆ సాయంత్రమే జంబులయ్య అందర్నీ పిలిచి, "పాపం, నల్లయ్యకు పిచ్చెక్కింది. నోట్లో నురగ నా కళ్ళారా చూశాను" అన్నాడు. పిచ్చికుక్క అన్న పేరు పడ్డాక ఆ కుక్క ఎంత మొరిగితే మాత్రం ఎవరు వింటారు. అందరూ కలిసి కంచె దాటించి తరిమారు. తరిమినవాళ్ళలో గాడిద ఓబులు కూడా ఉన్నాడు. ఎందుకు తరుముతున్నామో అతనికి సరిగ్గా తెలియదు. నలుగురూ పరిగెత్తుతున్నారు, తానూ పరిగెత్తాడు.

కొత్త కావలివాణ్ణి ఎన్నుకునే రోజు జంబులయ్యే నోరు తెరిచాడు. "మన ఓబులును పెడదాం."

అందరూ నవ్వారు. ఓబులు కూడా నవ్వాడు, ఎవరినో అన్నారనుకుని.

"గాడిదనా?" అంది మేక చుక్కమ్మ. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న మేక, మాట కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. "మా బిడ్డల ప్రాణాలు గాడిద మీద పెడతారా పెద్దయ్యా?"

"చెలమ తవ్వింది ఎవరమ్మా? ఓబులు కాదా? బరువు మోసినవాడికే బాధ్యత తెలుస్తుంది," అన్నాడు జంబులయ్య. తర్వాత పక్కకు వంగి తిప్పడి చెవిలో ఏదో ఊదాడు. తిప్పడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఏం ఊదాడో కథ చివర్లో తిప్పడే చెబుతాడు, అందాకా ఓపిక పట్టండి.

"కావలివాడంటే ఒక గుర్తుండాలి," అన్నాడు జంబులయ్య మళ్ళీ. "సోమన్నా, నీ గంట ఇయ్యి."

ఎద్దు సోమన్న పదేళ్ళు నూనె గానుగ తిప్పి వచ్చినవాడు. గానుగ వదిలినా మెడలో కంచు గంట మాత్రం వదల్లేదు. దాన్ని ఇప్పుడు తీసి ఓబులు మెడకు కట్టే పని గిజిగాడికి అప్పజెప్పారు. గూడు అల్లినంత శ్రద్ధగా ఆ పిట్ట ఈతనారతో ముడి మీద ముడి వేసింది. "ఇది ఊడదు. నేను వేసిన ముడి నేను కూడా విప్పలేను," అని గొప్ప కూడా చెప్పుకుంది.

ఓబులుకు కళ్ళు చెమ్మగిల్లాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతని వీపు మీద మూటలు వేసినవాళ్ళే గాని, మెడలో గౌరవం వేసినవాళ్ళు లేరు. ఆ రాత్రి గంట మోగకుండా మెడ చాచి పడుకున్నాడు, ఎక్కడ అరిగిపోతుందోనని.

మర్నాడు తెల్లారగానే కావలి మొదలైంది. చెలమ దగ్గర ముసలి గొర్రె ఒకతె నీళ్ళకు వంగుతుంటే తిప్పడు వచ్చి భుజంతో పక్కకు నెట్టాడు. ఓబులు గణగణమంటూ వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు.

"తిప్పన్నా, వరస."

"ఎవరితో మాట్లాడతాండావో తెలుసునా?"

"తెలుసు. ఆమె ముందొచ్చింది. నువ్వు వెనకొచ్చినావు."

తిప్పడు గుర్రుమన్నాడు. ఓబులు కదల్లేదు. గాడిద నిలబడదలుచుకుంటే ఎలా నిలబడుతుందో గాడిదను తోలినవాళ్ళను అడగండి. గొర్రె తాగి, మూతి దులుపుకుని, ఇంకోసారి కూడా తాగి వెళ్ళిందాకా తిప్పడు ఎండలో నిలబడాల్సి వచ్చింది.

సాయంత్రం జంబులయ్య ఓబులును పక్కకు పిలిచాడు. "చూడు నాయనా, నీ పని బాగుంది. కానీ లోకంలో నలుపూ తెలుపూ రెండే ఉండవు. నడుమ బూడిదరంగు కూడా ఉంటుంది. పెద్దవాళ్ళ దగ్గర చూసీ చూడనట్టు పోవాలి."

"బూడిదరంగు నా ఒంటికుంది పెద్దయ్యా, కంటికి లేదు," అన్నాడు ఓబులు. తెలివిగా అనాలని అనలేదు. ఉన్న మాట చెప్పాడంతే.

జంబులయ్య చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. గాడిద కళ్ళు ఎలా ఉంటే ఏం, మెడలో గంట ఉంది కదా.

ఓబులు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కంచె వెంట తిరిగేవాడు. పది అడుగులు నడవడం, ఆగి చెవులు దులపడం, గడ్డిపోచ దొరికితే కొరకడం, మళ్ళీ పది అడుగులు. గంట కూడా అలాగే గణగణమని ఆగి, మళ్ళీ గణగణమనేది. ఎర్రదిబ్బలో అందరూ ఆ చప్పుడు వింటూ నిశ్చింతగా నిద్రపోయారు. అయినా నాలుగోనాడు ఒక గొర్రెపిల్ల పోయింది. తొమ్మిదోనాడు చుక్కమ్మ రెండో పిల్ల పోయింది. మొదటిది నల్లయ్య ఉన్నప్పుడే పోయింది. ఇక ఆమెకు మిగిలింది నుదుట తెల్లమచ్చ ఉన్న బొట్టిగాడు ఒక్కడే.

ఓబులు కంచె అంతా వెతికాడు. పులి అడుగు ఒక్కటీ కనిపించలేదు. ఆ మాటే వెళ్ళి చెబితే జంబులయ్య తడుముకోలేదు. "పులి అడుగులు వెయ్యదు నాయనా, దూకుతుంది."

ఆ సాయంత్రం సభలో జంబులయ్య గొంతు నిండా విచారమే. "ఓబులు మంచివాడే. కానీ మంచితనం కంచె కాదు కదా. ఇంకొక్క బిడ్డ పోయిందంటే ఇక లాభం లేదు. ఆ పొద్దే పిల్లలందర్నీ తిప్పడి దొడ్లో పెడదాం. రాతిగోడల దొడ్డి. వాకిట్లో తిప్పడే పడుకుంటాడు."

భయపడ్డ తల్లికి గోడ కనిపిస్తే చాలు, గోడ ఎవరిదని అడగదు. సరేనన్నట్టు ఒక్కొక్కరే తలలూపారు. ఓబులు మెడలో గంట రాయంత బరువుగా వేలాడింది.

సభ అయ్యాక చుక్కమ్మ అతని దారికడ్డం వచ్చి నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని ఓబులుకు అనిపించింది.

"నీకొక మాట చెప్తా మరిదీ. నా బిడ్డ పోయినప్పుడు నీ గంట కొండవైపు మోగతా ఉండింది. అంతకుముందు పోయిన గొర్రెపిల్లప్పుడూ అంతే. నువ్వు దూరంగా ఉండావని మగతలో కూడా నాకు తెలుస్తానే ఉండింది. నాకు తెలిసింది, తీసుకపోయినవాడికి తెలీదా?"

అంతే అని వెళ్ళిపోయింది. ఓబులు అక్కడే నిలబడి ఆ మాటను నములుతూ ఉండిపోయాడు. అతని బుర్ర నిదానం. అందులోకి ఒక ఆలోచన చేరడానికి బండి ఎక్కి రావాలి. కానీ ఒకసారి చేరిందంటే మళ్ళీ దిగదు. నిదానంగా వెళ్ళి సోమన్న పక్కన కూర్చున్నాడు.

"సోమన్నా, గానుగలో నీకు గంట ఎందుకు కట్టినారు? అందానికా?"

సోమన్న నెమరు ఆపి నవ్వాడు. "అందమా? మా యజమాని అరుగు మీద పడుకుని కునుకు తీసేవాడు. గంట మోగినంతసేపూ నేను తిరుగుతా ఉండానని వానికి నిబ్బరం. గంట ఎద్దు కోసం కాదబ్బీ, ఎద్దు యాడుందో తెలుసుకోవాలనుకునేవాని కోసం."

గౌరవమనుకుని మెడ చాచి పడుకున్న రాత్రి గుర్తొచ్చి ఓబులుకు సిగ్గేసింది. వాసన పట్టినందుకు నల్లయ్యను తరిమిన రోజు గుర్తొచ్చి ఇంకా ఎక్కువ సిగ్గేసింది. ఇంకొక్క బిడ్డ పోవాలని ఎర్రదిబ్బలో కోరుకునేది ఎవరు? పోతే ఎవరి దొడ్డి నిండుతుంది? లెక్క గాడిదకు కూడా తేలిపోయింది. దొడ్డి నింపుకునే తొందరలో వాడు రేపు మధ్యాహ్నమే వస్తాడు.

పొద్దున్నే చుక్కమ్మ దగ్గరికి వెళ్ళి ఆలోచన చెప్పాడు. ఆమె బొట్టిగాణ్ణి పొట్ట కిందికి లాక్కుంది. "నాకు మిగిలినవాణ్ణి ఎర వెయ్యమంటావా?"

"ఎర నేను వెయ్యడంలేదు వదినా, వాడే వేసినాడు. ఇయ్యాల వాణ్ణి పట్టకపోతే మాపటికి బొట్టిగాణ్ణి మనమే నడిపించుకపోయి దొడ్లో ఇడిసి రావాల. నీకూ నీ బిడ్డకూ పది అడుగుల్లో నేనుంటా. నా మాట నమ్ము."

చుక్కమ్మ అతని కళ్ళలోకి చూసింది. తర్వాత అతని మెడ దగ్గరికొచ్చి, గిజిగాడు కూడా విప్పలేని ఈతనారను కసకసా నమిలేసింది. మేక నోటికి ముడి ఏమిటి, మోకు ఏమిటి. గంట నేల మీద పడకుండా ఓబులు గిట్టతో ఆపాడు. గిజిగాడు వచ్చి దాన్ని సోమన్న మెడకు కొత్త నారతో కట్టాడు, తన ముడిని మేక తినేసిందని గొణుక్కుంటూనే.

"కొండవైపు కంచె వెంట తిరగన్నా," అన్నాడు ఓబులు. "పది అడుగులకోసారి ఆగు. ఆగి చెవులు దులుపు. గంట నాలాగే మోగాల."

"తిరగడం వచ్చు. ఆగడం రాదబ్బీ. ఆగితే దెబ్బ పడే చోట పదేండ్లుండాను."

"ప్రయత్నం చెయ్యి అన్నా."

ఓబులు చెలమ దగ్గరి తడి ఇసుకలో ఒళ్ళంతా పొర్లాడు, గాడిద వాసన రాకుండా. మేకలు పడుకునే తుమ్మనీడకు పది అడుగుల దూరంలో, కిందటి నెల తానే తవ్వితే ఎండిపోయిన పాత చెలమ గుంత ఒకటుంది. అందులో దిగి కాళ్ళు మడుచుకుని, చెవులు వెనక్కి పడేసుకుని కూర్చున్నాడు.

సూర్యుడు నెత్తి మీదికొచ్చాడు. నీడలు ఎవరి కాళ్ళ కిందికి వాళ్ళవి దూరిపోయాయి. కొండవైపు గంట మోగడం మొదలైంది. గణగణ, గణగణ, గణగణ. ఎక్కడా ఆగదే. పాపం సోమన్న ఆగాలనుకుంటూనే నడుస్తున్నాడు. కాళ్ళు వినడంలేదు. గుంతలో ఓబులు ఇంకాస్త కిందికి కుంగాడు. ఆ గంట గాడిద గంట కాదని చెవులున్నవాడెవడికైనా తెలిసిపోతుంది.

ఏటిగట్టు మీద ఇసుక రాలిన చప్పుడైంది. తర్వాత తిప్పడి గొంతు, చాలా దగ్గర్లో.

"పెద్దయ్యా, గాడిద ఇయ్యాల ఆగకుండా తిరగతాండాడే."

జంబులయ్య ఒక్క క్షణం విన్నాడు. తర్వాత నవ్వాడు. "ఉద్యోగం ఊడుతుందని భయం పట్టుకుందిరా. నిన్నటి నా మాటకు గాడిద కూడా గుర్రమైంది. గంట కొండ దగ్గరుంది, వాడూ అక్కడే ఉంటాడు. నేను గట్టు మీద వింటూ ఉంటా, నువ్వు పోయి ఆ బొట్టువాణ్ణి పట్టుకురా."

అతితెలివి అంటే ఇదే. కళ్ళముందు తప్పు కనిపిస్తున్నా, దానికో కారణం అల్లేసి సంతోషపడుతుంది. వెనకటి రోజుల్లో అయితే జంబులయ్య ముక్కు గాలిలోకి ఎత్తి వాసన చూసేవాడు. గంట కట్టించిన దగ్గర్నుంచి ముక్కుకు సెలవిచ్చేశాడు.

తిప్పడు పొట్ట నేలకు ఆనించి నీడలోకి పాకాడు. చుక్కమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆ తల్లి ఆ క్షణం ఎలా కదలకుండా పడుకుందో ఆమెకే తెలియాలి. తిప్పడు బొట్టిగాడి మెడ మీది తోలు పట్టి లేపాడు. పిల్ల కుయ్యిమంది. తిప్పడు వెనక్కి తిరిగాడు.

తిరిగేసరికి ఎదురుగా, భూమిలోంచి మొలిచినట్టు, ఒళ్ళంతా ఇసుకతో ఓబులు నిలబడి ఉన్నాడు.

"తిప్పన్నా, వరస," అన్నాడు. "ఆమె బిడ్డ. ముందు ఆమెకు ఇచ్చెయ్యి."

తిప్పడు కొండవైపు చూశాడు. గంట మోగుతూనే ఉంది. మళ్ళీ ఓబులును చూశాడు. గంట అక్కడ, గాడిద ఇక్కడ. అతని బుర్రకు అది అందలేదు. అందేలోపల ఓబులు వెనక్కి తిరిగాడు. గాడిద నీకు వీపు చూపించిందంటే నువ్వు పరిగెత్తాలి. తిప్పడికి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరు. జోడుకాళ్ళ తాపు దవడకు తగిలి అతను తుమ్మమొద్దుకు పోయి కొట్టుకున్నాడు. బొట్టిగాడు కిందపడి, లేచి, తల్లి పొట్ట కింద దూరాడు.

అప్పుడు ఓబులు నోరు తెరిచాడు. పొద్దున్నుంచి గొంతులో దాచిపెట్టుకున్న ఓండ్రంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. కునుకు తీస్తున్న ఎర్రదిబ్బ మొత్తం లేచి పరిగెత్తుకొచ్చింది. గట్టు మీద నుంచి జారుకోబోయిన జంబులయ్యకు ముందు గొర్రెలు, వెనక మేకలు అడ్డం నిలిచాయి.

అయితే జంబులయ్య జంబులయ్యే. కంగారంతా రెప్పపాటులో మింగేసి, "పట్టావా ఓబులూ, భేష్," అన్నాడు. "నాకు మొదటి నుంచీ వీడి మీదే అనుమానం. కళ్ళతో చూద్దామనే వెనకాల వచ్చాను. చూడండర్రా, మనం నమ్మిన కాపుదారు చేసిన పని. కంచే చేను మేసింది."

అంతదాకా దొంగకు తేలు కుట్టినట్టు కిమ్మనకుండా పడున్న తిప్పడు, వంకర పోయిన దవడతో లేచి కూర్చున్నాడు.

"నేనొక్కణ్ణే మేసినానా?" అన్నాడు. "సగం నీ బొరియలో లేదా? పులి ఉందని చెప్పిందెవరు? నల్లయ్యకు పిచ్చని చెప్పిందెవరు? గంట ఎవరి ఆలోచన? 'గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన, వీడైతే ఏ వాసనా పట్టడు, పైగా గంట కట్టామంటే ఎక్కడున్నాడో మనకే చెబుతుంటాడు' అని నా చెవిలో ఊదిందెవరు?"

చుక్కమ్మ ఇంకేం వినలేదు. నేరుగా బొరియకు వెళ్ళి ముందుకాళ్ళతో నాలుగుసార్లు గీరింది. చిన్న చిన్న ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఒక చిన్న గిట్ట దగ్గర ఆమె చాలాసేపు తల దించి నిలబడింది.

తర్వాత కోపం లేచింది. "చంపండి ఇద్దర్నీ," అన్నాయి గొర్రెలు, ఎప్పుడూ అలా అననివి. కొమ్ములు వంగాయి. జంబులయ్య వచ్చి ఓబులు ముందుకాళ్ళ మీద పడ్డాడు. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, జంబులయ్య ఎంత.

ఓబులుకు కూడా కాలు దురద పెట్టింది. కానీ అందరికీ అడ్డంగా, చెలమ దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"కంచె లోపల ఎవరూ ఎవరి ప్రాణమూ తియ్యకూడదు," అన్నాడు. "ఈ మాట దొంగ చెప్పినా మంచిమాటే. వాడు తప్పినాడని మనమూ తప్పితే, రేపు ఇంకో జంబులయ్య మనలోంచే పుడతాడు. నన్ను కావలి పెట్టినారు కాబట్టి శిక్ష నేను చెప్తా. సోమన్నను పిలవండి."

సోమన్నను పిలవడానికి ఇద్దరు వెళ్ళాల్సి వచ్చింది. అతను ఇంకా తిరుగుతూనే ఉన్నాడు మరి. చుక్కమ్మే అతని మెడనార నమిలింది. గిజిగాడు ఈసారి నార మాత్రమే కాదు, కలబంద పీచు కూడా కలిపి, జీవితంలో ఎన్నడూ వెయ్యనంత గట్టి ముడి వేశాడు, జంబులయ్య మెడ చుట్టూ. చెవుల వెనక, గోళ్ళకు అందని చోట.

"పెద్దయ్యా, ఇది గౌరవమని నువ్వే అన్నావు," అన్నాడు ఓబులు. "పెట్టుకుని పో. కంచె బయట ఎక్కడైనా బతుకు. నువ్వు యాడుందీ అందరికీ తెలస్తా ఉంటుంది."

తిప్పడు మూతి పగిలి కొండ దాటాడు. జంబులయ్య ఒక్కడే మిగిలాడు, గంటతో. అడుగు వేస్తే గణగణ, వంగితే గణగణ, ఊపిరి పీల్చినా గణ. ఆమడ దూరంలోనే కుందేళ్ళు నవ్వుకుంటూ పొదల్లోకి పోయేవి. కౌజుపిట్టలు తీరిగ్గా రెక్కలు సర్దుకుని మరీ ఎగిరేవి. నోటికందేది రేగుపళ్ళూ మిడతలే. ఎర్రదిబ్బ పిల్లలకు మాత్రం ఆ గంట పెద్ద సరదా. అది దూరంగా మోగుతుంటే బొట్టిగాడు ఆటలో ముందుండి, "పెద్దయ్య అక్కడున్నాడోయ్, మనం ఇక్కడ ఆడుకుందాం" అనేవాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఓబులు కంచె దాటి, నల్లయ్యను తరిమిన దారినే మూడు కోసుల దూరం నడిచి, ఒక రాతిగుహ ముందు ఆగాడు. లోపల చిక్కి సగమైన నల్లయ్య పడుకుని ఉన్నాడు.

"నల్లన్నా, నీకు పిచ్చి లేదు. మాకే ఉండింది. నిన్ను తరిమినవాళ్ళలో నేనూ ఉండాను. ఇంటికి రా."

నల్లయ్య లేచి వచ్చి అతని మెడ వాసన చూశాడు. "నీ మెడలో ఏమీ లేదే. కావలివాడివని ఎట్లా తెలుస్తుంది?"

"తెలియకపోతేనే కావలి బాగుంటాది అన్నా."

ఇద్దరూ కలిసి తిరిగొచ్చేసరికి చెలమ దగ్గర అందరూ వరసలో నిలబడి ఉన్నారు. వరసలో అందరికంటే ముందున్న చుక్కమ్మ పక్కకు జరిగి, నల్లయ్యకు చోటిచ్చింది. ఆ రోజు మాత్రం వరస తప్పినా ఓబులు ఏమీ అనలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఎర్రదిబ్బలో మాత్రం ఆ పని ఒక గాడిద చేసింది. అప్పట్నుంచి అక్కడ ఎవరినైనా "గాడిదా" అని పిలిస్తే వాళ్ళు తల ఎత్తుకుని నడిచేవారు.

నీతి: కావలివాడి మెడకు దొంగ కట్టిన గంట, ఎన్ని మెడలు తిరిగినా చివరికి దొంగ మెడకే చేరుతుంది.